చింతచెట్టు దగ్గర ఆగే నడక

హైదరాబాద్‌లో హెరిటేజ్ వాక్ అనగానే చార్మినార్, లాడ్‌బజార్, చౌమహల్లా ప్యాలెస్ గుర్తుకొస్తాయి. ఆ దారికి కాస్త ఉత్తరంగా, మూసీ గట్టు వెంట సాగే నడక మరొకటి ఉంది. పురానాపూల్ దగ్గర మొదలై సిటీ కాలేజీ, హైకోర్టు, నయాపూల్, ఉస్మానియా ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్ లైబ్రరీ మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. మొత్తం మూడు నాలుగు కిలోమీటర్లు. ఎండ ముదరకముందే బయల్దేరితే ఒక పూటలో అయిపోతుంది. దారిలో కనిపించే గుమ్మటాలు, మినార్లు, ఎర్రరాతి గోడలు ఫొటోల్లో అందరూ చూసినవే. ఈ నదీతీరం ఇలా తయారవడానికి వెనక ఒకే ఒక్క రోజు ఉందన్న సంగతి మాత్రం ఎవరో ఒకరు నిలబెట్టి చెబితే తప్ప తెలియదు. ఆ రోజు 1908 సెప్టెంబరు 28, సోమవారం.

గైడ్లు పురానాపూల్ నుంచే మొదలుపెట్టడానికి కారణముంది. ఆ రోజు వచ్చిన మూసీ వరదకు నిలబడ్డ వంతెన ఇదొక్కటే. దీన్ని 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. అప్పటికి చార్మినార్ లేదు, హైదరాబాద్ అనే ఊరే లేదు. గోల్కొండ నుంచి నది దాటి ఆవలి గట్టుకు పోవడానికి కట్టిన 22 కమానుల రాతి వంతెన ఇది. యువరాజు మహమ్మద్ కులీ భాగమతి కోసం పొంగే మూసీలోకి గుర్రాన్ని దూకించాడనీ, అది తెలిసి తండ్రి బెంగపడి వంతెన కట్టించాడనీ చెప్పే ప్రేమకథను గైడ్లు వదలరు, వినేవాళ్ళు వదలనివ్వరు. 1578 నాటికి కులీకి పదమూడేళ్ళు అటూ ఇటూ. కాబట్టి ఆ కథను కథగానే విని ముందుకు పోవాలి. వంతెన మీద ఇప్పుడు బళ్ళు తిరగవు. కూరగాయల వాళ్ళు గోనెపట్టాలు పరుచుకుని కొత్తిమీర, పుదీనా కట్టలు పేర్చుకుంటారు. వాళ్ళ మధ్యలోంచి పిట్టగోడ దగ్గరికి పోయి కిందికి వంగి చూస్తే కమానుల మధ్య లావాటి రాతి దిమ్మెలు, వాటి పాదాల దగ్గర సన్నగా పారే నల్లటి నీళ్ళు కనిపిస్తాయి. ఈ కాస్త నీటికి ఇంత వంతెన ఎందుకన్న ప్రశ్న ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. నడక అంతా ఆ ప్రశ్నకు జవాబే.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మీదుగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరానికి ఎగువన ఈసీ వాగు వచ్చి చేరుతుంది. జీవనది కాదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. 1901 జనాభా లెక్కల నాటికి హైదరాబాద్‌లో దాదాపు నాలుగున్నర లక్షల మంది ఉన్నారు. వాళ్ళలో వేలమంది నది అంచునే ఇళ్ళు కట్టుకుని బతుకుతున్నారు. ఎప్పుడో ఒకసారి పొంగి తగ్గే నది గదా అన్న ధీమా వాళ్ళది. అది అప్పటి నగరమంతటి ధీమా కూడా.

1908లో సెప్టెంబరు 25న మహాలయ అమావాస్య. పెత్రమాస బియ్యం ఇచ్చి, ఎంగిలిపూల బతుకమ్మ ఆడిన రోజు. మర్నాటి నుంచి దేవీ నవరాత్రులు. అదే నెలపొడుపుతో రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. నగరంలోని రెండు మతాల వాళ్ళూ పండగ దినాల్లో ఉండగా ముసురు పట్టింది. నగరానికి ఎగువన శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడింది. అంటే ఏడాదంతా కురవాల్సిన వానలో సగానికి పైగా రెండు రోజుల్లో కురిసింది.

అయినా వాన ఒక్కటే అయితే ఊరు తట్టుకునేదేమో. అసలు సంగతి చెరువుల్లో ఉంది. దాన్ని సరిగ్గా చెప్పే గైడ్ దొరికితే ఈ నడక విలువ రెట్టింపవుతుంది. నగరానికి ఎగువన మూసీ, ఈసీలకు నీరు చేర్చే ప్రాంతం సుమారు 860 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులున్నాయి. దాదాపు చదరపు మైలుకో చెరువు. కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో సాగిన గొలుసుకట్టు పద్ధతి ఇది: పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు పోతుంది, అది నిండితే దాని కిందిదానికి. మామూలు ఏళ్ళలో ఊళ్ళకు అన్నం పెట్టే ఏర్పాటు. ఆ రెండు రోజుల వానకు మత్తడులు చాలలేదు. పైన ఒక కట్ట తెగితే ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడ్డాయి. అదీ తెగింది. అలా 221 చెరువులు తెగాయి. అందులో 182 మూసీ వైపువి, 39 ఈసీ వైపువి. ఈ లెక్క తేల్చింది మోక్షగుండం విశ్వేశ్వరయ్య. నగరాన్ని తాకిన ప్రవాహం 4,25,000 క్యూసెక్కులని కూడా ఆయనే అంచనా కట్టాడు. గుండెలు గుభేలుమనే అంకె అది. పురానాపూల్ మీద నిలబడి ఆ అంకె విన్నవాళ్ళకు 22 కమానులూ చిన్నవిగా కనిపిస్తాయి.

28వ తేదీ తెల్లవారుజామున నీళ్ళు వీధుల్లోకి వచ్చేశాయి. నది మీద అప్పుడున్నవి నాలుగు వంతెనలు. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, 1831లో కట్టిన చాదర్‌ఘాట్ వంతెన వరద తాకిడికి దెబ్బతిని తెగిపోయాయి. ఈ గట్టునూ ఆ గట్టునూ కలుపుతూ మిగిలింది 330 ఏళ్ళ పాత పురానాపూల్ ఒక్కటే.

వంతెన దిగి దక్షిణపు గట్టున తూర్పుకు నడిస్తే పేట్లబుర్జు. ఇప్పుడక్కడ పెద్ద ప్రసూతి ఆసుపత్రి ఉంది. అప్పట్లో నగరం చుట్టూ ఉన్న కోటగోడకు ఇక్కడొక బురుజు ఉండేది. చుట్టుపక్కల కోల్సావాడి జనం నీళ్ళు పెరిగేకొద్దీ ఎత్తైన చోటని బురుజెక్కారు. గోడే కూలింది. దాదాపు రెండు వేల మంది అక్కడ కొట్టుకుపోయారని అప్పటి కథనాలు చెబుతాయి. చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక వాక్యం. ఆ చోట నిలబడి వినేటప్పుడు మాత్రం ఒక వాక్యంతో సరిపెట్టుకోలేం. మంచి గైడ్లు ఇక్కడ కాసేపు ఏమీ మాట్లాడరు. ప్రసూతి వార్డుకు పోయే ఆటోలు, ప్లాస్కులు పట్టుకుని పరుగెత్తే అమ్మమ్మలు, గేటు దగ్గర అరటిపళ్ళ బండి, ఇవి తప్ప అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. ఆ రెండు వేల మంది పేర్లు ఎక్కడా లేవు.

మొత్తం మృతులు 15,000 అని ఎక్కువమంది చెప్పే లెక్క. అంతకన్నా చాలా ఎక్కువన్న అంచనాలూ ఉన్నాయి. నగరంలో నాలుగో వంతు జనానికి ఇల్లు లేకుండా పోయింది. పేరు తెలిసిన ఒక్క ఇంటి సంగతి చెప్పుకోవాలంటే ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీది చెప్పుకోవాలి. తల్లి, భార్య, చిన్న కూతురు ముగ్గురూ ఆ వరదలో పోయారు. ఇంట్లో బతికింది ఆయనొక్కడే. ఆ శోకం మీద ఆయన ‘ఖయామతే సొగ్రా’ అనే కావ్యం రాశాడు. రుబాయిలకు పెద్ద పేరు తెచ్చుకుని 1961 దాకా జీవించాడు. ఉర్దూ సభల్లో ఆయన పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. తెలుగువాళ్ళలో తెలిసినవాళ్ళు తక్కువ. ఒకే ఊళ్ళో బతికిన రెండు భాషల మధ్య ఇంత దూరం ఉండటం బాధ కలిగించే విషయం.

పేట్లబుర్జు నుంచి దారి రాజసంగా మారుతుంది. ఎర్రరాయి, గ్రానైటు కలిపి కట్టిన హైకోర్టు. జైపూర్ శిల్పి శంకర్‌లాల్ నమూనా ఇచ్చాడు, ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ కట్టించాడు. 1915 ఏప్రిల్‌లో పని మొదలైంది, 1920 ఏప్రిల్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించాడు. దాని పక్కన సిటీ కాలేజీ, ఎదుటి గట్టున ఉస్మానియా ఆసుపత్రి. ఇంగ్లిషు వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చేయి పడ్డ కట్టడాలివి. ఉత్తరపు గట్టునే 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చిన అసఫియా లైబ్రరీ, నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. పాతికేళ్ళలో నదికి రెండు వైపులా ఇంత వైభవం లేచిందంటే అంతకుముందు అక్కడున్న ఇరుకు బస్తీలను నీళ్ళు ఊడ్చేయబట్టే. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్లు వెడల్పు చేసింది, గట్లు కట్టించింది, ఇరుకు వాడలు తీసేసి కొత్త ఇళ్ళు వేసింది. ఆ పనుల వల్లే హైదరాబాద్ ఆధునిక నగరమైందన్నది నిజం. ఆ బస్తీల్లో బతికి బయటపడ్డవాళ్ళు అదే గట్టుకు తిరిగి రాలేకపోయారన్నదీ అంతే నిజం. నడిపించేవాళ్ళు రెండోది కూడా చెప్పాలి.

నయాపూల్ మీద ఆగినప్పుడు తప్పకుండా వినిపించే కథ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. భవానీ మాతకు కోపం వచ్చిందని పండితులు చెబితే, పళ్ళెంలో చీర, గాజులు, పసుపు కుంకుమలు పెట్టుకుని నది ఒడ్డుకు వచ్చి హారతి ఇచ్చాడని, ఆ తర్వాతే మూసీ తగ్గిందని చెప్పుకుంటారు. పాతబస్తీలో ముస్లిం ఇళ్ళలోనూ హిందూ ఇళ్ళలోనూ ఈ కథ ఒకేలా చెబుతారు, అది గమనించదగ్గది. కథలో ఎంత జరిగిందో తేల్చడం కన్నా, ఆ రాజు గురించి జనం ఇలా గుర్తు పెట్టుకోవాలనుకున్నారన్నదే ముఖ్యం. ఆయన రాజభవనాలను నిరాశ్రయులకు తెరిపించడం, నగరంలో ఉచిత వంటశాలలు పెట్టించడం చరిత్రకు తెలిసినవే. వరద సహాయంలో పాటుబడ్డ వాళ్ళలో సరోజినీ నాయుడు ఒకరు. నిజాం దుఃఖం మీద ఆమె ఇంగ్లిషులో కవిత కూడా రాసింది.

వంతెన దాటి ఎడమకు తిరిగితే ఉస్మానియా ఆసుపత్రి. ఈ చోట వరదకు ముందు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది, మొదటి సాలార్‌జంగ్ కాలంలో పెట్టింది. వరద దాన్ని నాశనం చేసింది. ఆవరణలో నది వైపున్న చింతచెట్టు మాత్రం కదల్లేదు. ఆ రోజు దాని కొమ్మల మీదికి ఎక్కినవాళ్ళు 150 మంది దాకా బతికారు. నీళ్ళు కింద సుడులు తిరుగుతూ పోతుంటే, కళ్ళెదుట మనుషులూ పశువులూ ఇంటి దూలాలూ కొట్టుకుపోతుంటే, కొమ్మ పట్టుకుని గంటల తరబడి ఉన్నారు. ఇప్పుడు ఆ మాను పగుళ్ళు బారి, మెలికలు తిరిగి, ముసలితనం తెలిసేలా ఉంటుంది. అయినా చిగురేస్తుంది. రోగుల వెంట వచ్చినవాళ్ళు దాని నీడన టిఫిన్ డబ్బాలు విప్పుతారు, చాప పరుచుకుని నడుం వాలుస్తారు. ఏటా సెప్టెంబరు 28న నగర చరిత్ర మీద, పర్యావరణం మీద ప్రేమ ఉన్నవాళ్ళు కొందరు దాని కింద చేరి మృతులను తలుచుకుంటారు. హైదరాబాద్ చరిత్రలోకెల్లా పెద్ద విపత్తుకు ఉన్న నిజమైన స్మారకం ఇదే. ఎవరూ శంకుస్థాపన చేయలేదు, ఎవరూ ఆవిష్కరించలేదు.

చెట్టు కింద అందరినీ కూర్చోబెట్టి గైడ్లు చెప్పేది విశ్వేశ్వరయ్య రాక గురించి. బొంబాయి ప్రభుత్వ కొలువు నుంచి తప్పుకుని యూరప్‌లో పర్యటిస్తున్న ఆయనకు నిజాం ప్రభుత్వం కబురు పంపింది. 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ వచ్చాడు. వాన లెక్కలు, తెగిన చెరువుల కట్టలు, గోడల మీద మిగిలిన నీటి మరకలు అన్నీ చూసి ఆ ఏడాది అక్టోబరుకల్లా నివేదిక ఇచ్చేశాడు. ఆయన సూచన సూటిగా ఉంది: వరదను నగరంలో కాదు, ఎగువనే ఆపాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి, పెద్ద వాన వచ్చినప్పుడు నీటిని పట్టి ఉంచి, నది ఓర్చుకునేంతగా మెల్లగా వదలాలి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. జనం నోట ఉస్మాన్‌సాగర్ గండిపేట అయింది. రెండూ వరద ఆపడానికి పుట్టినవే. ఊరికి తాగునీరిచ్చే మేలు కూడా వాటితోనే వచ్చింది. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాద్ వదలరన్న మాట పుట్టడానికి కారణమైన చెరువు తల్లి, పుట్టుకతో వరద కాపలాదారు. ఆ మొదటి పని మరిచిపోవడం నగరానికి అలవాటైంది.

ఆ మరుపు ఎలాంటిదో అదే ఆవరణలో చూడవచ్చు. 2020 జులైలో కురిసిన వానకు ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి మురుగునీరు వచ్చి వార్డుల్లో మంచాల కింద నిలిచింది. ఆ నెలలోనే రోగులను అక్కడినుంచి తరలించి భవనం మూసేశారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు నగరంలో చెరువుల కట్టలు తెగి కాలనీలు మునిగాయి. చాంద్రాయణగుట్ట వైపు జనానికి ఆ రాత్రి ఇప్పటికీ పీడకలే. 1908లో తెగినవి ఊళ్ళ చెరువులు, 2020లో తెగినవి ఇళ్ళ మధ్య ఇరుక్కున్న చెరువులు. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేసిన 111 జీవో 1996లో వచ్చింది. 2022లో ఆ కట్టడిని ఎత్తేస్తూ ప్రభుత్వం మరో జీవో ఇచ్చింది. చెట్టు కింద కూర్చుని ఈ మాటలు వింటుంటే, పాత కథ వినడానికి వచ్చినవాళ్ళ మాటలు తమ కాలనీ నాలా వైపు, తమ అపార్ట్‌మెంట్ సెల్లారు వైపు మళ్ళుతాయి.

నడక చివరి మజిలీ చాదర్‌ఘాట్. ఇక్కడ వంతెన కింద మూసానగర్, శంకర్‌నగర్ బస్తీలున్నాయి. నది పడకలోనే, నీటికి చేయి చాపితే అందేంత దూరంలో. 2024లో మూసీ సుందరీకరణ కోసం అధికారులు ఆ ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. కొన్ని కుటుంబాలు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళకు వెళ్ళాయి, కొందరు కదలబోమన్నారు. వాళ్ళను అక్కడ ఉండనివ్వడం ప్రమాదమే. అయితే పని దొరికే బజారుకు దూరంగా పంపేస్తే బతుకు తెరువు పోతుందన్న వాళ్ళ భయాన్నీ కొట్టిపారేయకూడదు. 1912 తర్వాత నదీతీరం ఖాళీ అయినప్పుడు ఎవరూ వినకుండా పోయిన గొంతులు ఇలాంటివేనని గుర్తు చేయడానికి ఇంతకన్నా తగిన చోటు లేదు.

దానికి కాస్త ఎగువన, నది మధ్యలో ఉన్నట్టుండే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్. జనం ఇమ్లీబన్ అంటారు. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ పొంగి ఆ బస్‌స్టేషన్‌లోకి నీళ్ళు వచ్చాయి. దసరాకు ఊళ్ళకు పోయే ప్రయాణికులు సంచులు నెత్తిన పెట్టుకుని చిక్కుకుపోయారు, వాళ్ళను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. మర్నాడు బస్సులను వేరే చోట్ల నుంచి నడిపారు. నీళ్ళు వచ్చింది 1908 వరద తేదీకి రెండు రోజుల ముందు. మళ్ళీ నవరాత్రులే.

అఫ్జల్‌గంజ్‌లో 1908లో నీళ్ళు దాదాపు 11 అడుగుల ఎత్తున నిలిచాయి. అది చూపించడానికి గైడ్ చేయెత్తితే ఏడడుగులు దాటదు, మిగతా నాలుగడుగులు వినేవాళ్ళు ఊహించుకోవాలి. ఊహకు వదిలేయాల్సిన అవసరం లేదు. లైబ్రరీ గోడ మీద, ఆసుపత్రి ప్రహరీ మీద, అఫ్జల్‌గంజ్ దుకాణాల స్తంభాల మీద ఆ మట్టానికి ఒక గీత గీసి, పక్కన తేదీ తెలుగులోనూ ఉర్దూలోనూ రాయడానికి ఒక డబ్బా రంగు, కొలిచి చూపే సర్వేయరు చాలు. ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌లో ప్లాట్‌ఫారాల దగ్గరి స్తంభాల మీద 2025 నీటి గీత కూడా వేయాలి. రోజూ వేలమంది నల్గొండ, మహబూబ్‌నగర్, విజయవాడ బస్సుల కోసం నిలబడేది అక్కడే. జీహెచ్ఎంసీకి గానీ, ఆర్టీసీకి గానీ ఇది ఒక్క రోజు పని.